చందమామను చివరికి ఉంచండి

మూడో తరగతి పిల్లల్ని "వెలుగునిచ్చేవి చెప్పండి" అని అడిగి చూడండి. సూర్యుడు, బల్బు, దీపం, టార్చి, పొయ్యిలో నిప్పు, మిణుగురు పురుగు... నిమిషంలో బోర్డు నిండుతుంది. ఆ వరసలోనే చందమామ వస్తాడు, అద్దం వస్తుంది, పిల్లి కళ్ళు వస్తాయి, ఎవరో ఒకరు "మా అమ్మ ముక్కుపుడక" అంటారు. ఇక్కడ కొత్త టీచర్లు సాధారణంగా చేసేది ఒకటే. చందమామ మీద అడ్డగీత కొట్టి, "కాదమ్మా, చంద్రుడికి సొంత వెలుగు లేదు, సూర్యుడి వెలుగే మనకు తిప్పి పంపుతాడు" అని చెప్పి, రెండుసార్లు అనిపించి, నోట్సు రాయిస్తారు. పరీక్షలో పిల్లలు అదే రాస్తారు, మార్కూ పడుతుంది. ఆ రాత్రి డాబా మీద పడుకుని చూస్తే మాత్రం చందమామ వాళ్ళకు దీపంలాగే కనిపిస్తాడు. టీచరు చెప్పింది బడి వరకే ఆగిపోతుంది.

డీఎస్సీ రాసి ఈమధ్యే ఎస్జీటీగా చేరినవాళ్ళకూ, ప్రైవేటు బడిలో పరిసరాల విజ్ఞానం చెబుతున్నవాళ్ళకూ, అంగన్‌వాడీ టీచర్లకూ నేను చెప్పదలచుకున్నది పాఠం వరస గురించి. మనం కాంతి జనకాల జాబితాతో మొదలుపెట్టి, మర్నాడు అద్దం తెచ్చి, అదే ఊపులో చందమామ దగ్గరికి వెళ్ళిపోతాం. ఆ వరస మార్చి చూడండి. ముందు చీకటి. తర్వాత గోడ, పళ్ళెం, చొక్కా లాంటి మామూలు వస్తువులు. ఆ పైన అద్దం. చందమామ ఆఖరున. వెలుగును తిప్పి పంపడం అద్దం ఒక్కదాని పనేనని పిల్లలు అనుకుంటున్నంతకాలం, మెరవని గోడా రాయీ కూడా అదే పని చేస్తాయని వాళ్ళకు తట్టదు. అది తట్టనివాళ్ళకు చంద్రుడి సంగతి నమ్మబుద్ధి కాదు, మనం ఎన్నిసార్లు అనిపించినా.

ఇది మన బళ్ళకే పరిమితమైన గొడవ అనుకోకండి. పిల్లల సైన్సు ఊహల మీద రోజలిండ్ డ్రైవర్ బృందం 1985లో ఒక పుస్తకం తెచ్చింది. అందులో వెలుగు గురించిన అధ్యాయం ఎడిత్ గెస్న్ అనే ఫ్రెంచి పరిశోధకురాలు రాశారు. పదమూడు పద్నాలుగేళ్ళు వచ్చిన పిల్లలు కూడా అద్దం మీద పడ్డ వెలుగు వెనక్కి వస్తుందని ఒప్పుకుంటారు గానీ, తెల్లకాగితం మీద పడ్డది అక్కడే ఉండిపోతుందంటారు. ఇంకా చిన్నవాళ్ళకైతే వెలుగంటే బల్బు, లేదా బల్బు వేస్తే గోడ మీద కనిపించే తెల్లటి మచ్చ. ఆ రెంటి మధ్య ఏదో ప్రయాణం చేస్తోందన్న ఆలోచనే ఉండదు. మన పాఠం అతకాల్సింది సరిగ్గా అక్కడ.

చీకటితో మొదలుపెట్టండి అన్నాను. అది వినడానికి తేలిక. మన పిల్లలు అసలైన చీకటి చూసి ఉండరు. కరెంటు పోతే ఇన్వర్టరు లైటు, ఎవరో ఒకరి ఫోను, వీధి మలుపులో బైకు, ఏదీ లేకపోతే చుక్కల వెలుగు. అందుకే "చీకట్లో ఏం కనిపిస్తుంది?" అని అడిగితే "కాసేపటికి కళ్ళు అలవాటు పడతాయి టీచర్, అన్నీ కనిపిస్తాయి" అంటారు. వాళ్ళ అనుభవం మేరకు అది నిజమే కదా. కిటికీలు మూసి తరగతి గదినే చీకటి చేద్దామని చూడకండి. మన బడి తలుపుల సందుల్లోంచి, రేకుల మేకు రంధ్రాల్లోంచి దూరే వెలుగు చాలు, పాఠం పాడవడానికి. (ఆ మేకు రంధ్రం నుంచి నేల మీద పడే గుండ్రటి మచ్చ సూర్యుడి బొమ్మే. గ్రహణం రోజున అది కొడవలిలా మారుతుంది. కానీ ఆ సంగతి ఇంకో రోజుకు.) గది బదులు ఒక పెట్టె తయారు చేసుకోండి.

చెప్పుల షాపులో అడిగితే బూట్ల అట్టపెట్టె ఊరికే ఇస్తారు. లోపలంతా నల్ల చార్టు అంటించండి. ఒక చివర, కన్ను ఆనించడానికి రూపాయి బిళ్ళంత రంధ్రం చేయండి. మూత మీద అగ్గిపెట్టె అంత కిటికీ కోసి, దాన్ని పూర్తిగా కప్పేలా నల్ల చార్టు ముక్కను ఒక అంచున మాత్రమే టేపుతో అంటించండి. ఎత్తితే వెలుగు, వదిలేస్తే చీకటి. బ్లేడు పని మీరే చేయండి. మూలలకూ, మూత అంచు చుట్టూ నల్ల టేపు వేయండి. మూత ఒక చివర మాత్రం విప్పి వేసుకునేలా ఉండాలి. అంతా అయ్యాక పెట్టెను ఎండలోకి తీసుకెళ్ళి, రంధ్రానికి మీ కన్ను ఆనించి, చుట్టూ చేతులు అడ్డం పెట్టి చూడండి. ఎక్కడ సన్నగా వెలుగు దూరుతోందో అప్పుడు తెలుస్తుంది. ఈ పరీక్ష పెట్టని పెట్టెను తరగతిలోకి తేవద్దు. సూది మొనంత సందున్నా లోపలి చెంచా మసగ్గా కనిపిస్తుంది. ఇక "చూశారా టీచర్, చీకట్లో కూడా కనిపిస్తోంది!" అన్నవాడికి మీ దగ్గర జవాబుండదు.

లోపల ఒక స్టీలు చెంచా, చిన్న అద్దం, నలిపిన తెల్లకాగితం ఉండ, మెరుపు కాగితం ముక్క పెట్టండి. పెడుతున్నప్పుడు పిల్లలందరూ చూడాలి. కన్ను పెట్టకముందే ఎవరికి ఏది కనిపిస్తుందో పలక మీద రాయించండి. చాలామంది అద్దమో చెంచానో రాస్తారు, అవి మెరుస్తాయి కదా అని. కాగితం ఉండ రాసేవాళ్ళు అరుదు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ చూడనివ్వండి. మొహం పెట్టెకు బాగా ఆనించి, రెండో కన్ను అరచేత్తో మూసి, ఇరవై లెక్కపెట్టేదాకా ఆగాలి. "ఏం లేదు టీచర్." "నల్లగా ఉంది." "అద్దం ఎవరో తీసేశారు." ఈ మూడో మాట అన్నవాడి చేతనే మూత తీయించి చూపించండి, మళ్ళీ వాడి చేతనే వేయించండి. ఇప్పుడు కిటికీ ఎత్తి ఫోను టార్చి వేస్తే అన్నీ ఒక్కసారి కనిపిస్తాయి, కాగితం ఉండతో సహా. ఆఖరి విడతలో వెలుగుతున్న చిన్న ఎల్‌ఈడీ కీచైను లోపల పెట్టి, కిటికీ మూసే ఉంచండి. కీచైను కనిపిస్తుంది, దాని వెలుగు తగిలిన మేరకు పక్కనున్న వస్తువులూ కనిపిస్తాయి.

దీనితో పిల్లల చేతికి ఒక పరీక్ష దొరికింది. దేనికి సొంత వెలుగుందో తేలాలంటే దాన్ని చీకటి పెట్టెలో పెట్టి చూడటమే. బోర్డు మీది జాబితాను అప్పుడు మళ్ళీ చదివించండి. ముక్కుపుడక గురించి పంతం పట్టిన పిల్ల ఉంటే, ఇంటినుంచి నగలు తెప్పించకండి, మీ గాజో ఉంగరమో పెట్టి చూపించండి. కాంతి జనకం, పరావర్తనం లాంటి పాఠ్యపుస్తకం మాటలు కూడా ఇలా చూశాకే ఇవ్వండి. చూడకముందు ఇస్తే బట్టీకే పనికొస్తాయి.

ఈ పరీక్షలో కొన్ని తమాషాలు బయటపడతాయి. బొగ్గు కనిపించదు, అదే బొగ్గు రాజుకుని ఎర్రబడితే కనిపిస్తుంది. పెట్టెలో నిప్పు పెట్టలేం, కానీ ఇంటి దగ్గర కుంపటో ఇస్త్రీ పెట్టెలో నిప్పులో చూసిన పిల్లలు దాని గురించి చెప్పగలరు. వెలిగించని కాకరపువ్వొత్తిదీ అదే సంగతి. మిణుగురు ఒంట్లో జరిగే రసాయన చర్య వల్ల వెలుగుతుంది కాబట్టి అది నిజంగా జనకమే. అన్నిటికన్నా బాగా పనికొచ్చేది మీ ఫోను. తెర వెలుగుతున్నంతసేపూ అది జనకం, ఆపగానే నల్లటి అద్దం, అందులో మన మొహమే కనిపిస్తుంది. రెండూ వెంటవెంటనే చూపించండి. ఇంకొక జాగ్రత్త. వర్క్‌షీటులో బల్బు బొమ్మ వేస్తే చుట్టూ గీతలు పెట్టి, వెలుగుతున్నట్టు వేయండి. ఆరిన బల్బు వేసి "కాంతి జనకాలకు టిక్కు పెట్టండి" అంటే, "ఇది వెలగట్లేదు కదా" అని ఆలోచించిన పిల్లకే సున్నా వస్తుంది. పైకప్పుకు అంటించే నక్షత్రాల స్టిక్కర్లు ఎవరైనా తెస్తే, అవి పగలు పీల్చుకున్న వెలుగును కాసేపు వదులుతాయని చెప్పండి. ఎవరూ తేకపోతే ఆ ఊసెత్తనక్కర్లేదు.

గోడ పాఠానికి కావలసింది ఎండ, ఒక ఎర్ర చార్టు. గుమ్మంలోంచి ఎండ పడే చోట చార్టును నేల మీద పరచండి. దాని పక్కనే, ఎండ నేరుగా తగలని చోట, తెల్లకాగితాన్ని పుస్తకానికి ఆనించి నిలబెట్టండి. కాగితం మీద ఎర్రటి ఛాయ తేలుతుంది. చార్టు తీసేస్తే పోతుంది. పసుపు చార్టు పెడితే పసుపు ఛాయ, పచ్చ చార్టుకు పచ్చ ఛాయ. తెల్ల చొక్కా యూనిఫాం ఉన్న బడైతే కాగితం కూడా అక్కర్లేదు. ఎండలో ఉన్న చార్టు పక్కన పిల్లవాణ్ణి నీడలో కూర్చోబెడితే చొక్కా అంచూ, గడ్డం కిందా ఎర్రబడతాయి. తరగతంతా నవ్వుతుంది. నవ్వు తగ్గాక అడగండి: "చొక్కాకు ఎవరైనా రంగు పూశారా? మరి ఎర్రదనం ఎక్కణ్ణుంచి వచ్చింది?" చార్టు మెరిసేది కాదు, అందులో మొహం కనిపించదు. అయినా దాని మీద పడ్డ వెలుగు అక్కడే ఉండిపోకుండా లేచి చొక్కా దాకా వచ్చింది, వస్తూ చార్టు రంగు వెంట తెచ్చింది. కాగితం మీద పడ్డ వెలుగు కాగితం మీదే ఉంటుందనుకునే పిల్లకు దీన్ని మించిన సాక్ష్యం నాకు తెలియదు. ఈ పాఠమంతటిలో ఒక్క ప్రయోగానికే సమయం ఉందంటే, నేను అద్దం మానేసి దీన్నే ఉంచుతాను.

మధ్యాహ్న భోజనం పళ్ళేలు కూడా బాగా పనికొస్తాయి. ఒక కొత్త పళ్ళెం, ఏళ్ళ తరబడి పీచుతో తోమి గీతలు పడ్డ పాత పళ్ళెం తీసుకుని ఎండలో పట్టి నీడ గోడ మీదికి వెలుగు వేయించండి. కొత్తదాని మచ్చ పదునుగా పడుతుంది, పాతదాని వెలుగు పలచబడి పరుచుకుంటుంది. మెరుపు కాగితాన్ని ముందు చదునుగా, తర్వాత నలిపి చూపించినా అంతే. నలిపినదాంట్లో మొహం కనిపించదు, వెలుగు మాత్రం నాలుగు దిక్కులా చెదిరి వస్తూనే ఉంటుంది. ఐదో తరగతికి ఇంతవరకు చాలు. పతన కిరణం, లంబం, కోణాల లెక్క హైస్కూలు మేస్టార్లు చూసుకుంటారు.

అద్దం రోజున పాఠం కంటే క్రమశిక్షణకే ఎక్కువ సమయం పడుతుంది. చేతికి అద్దం వచ్చిన మరుక్షణం ఎండ పక్కవాడి కంట్లో ఉంటుంది. కాబట్టి పంచకముందే చెప్పండి: సూర్యుణ్ణి నేరుగా గానీ, అద్దంలో గానీ చూడకూడదు; మనుషుల మొహం మీదికీ, రోడ్డు మీద బండి నడిపేవాళ్ళ మీదికీ వేయకూడదు; వేసినవాళ్ళ అద్దం ఆ రోజుకు టీచరు దగ్గరే. అద్దాల అంచులకు టేపు చుట్టి ఉంచండి. తిరనాళ్ళలో అమ్మే లేజరు లైట్లను బడి గేటు దాటి రానివ్వకండి. గోడ మీద సుద్దతో వలయం గీసి, అందులో ఎండ మచ్చను నిలపమనండి. అది వచ్చాక, ఒకరు పంపిన వెలుగును ఇంకొకరు తమ అద్దంతో అందుకుని మూడోవారికి పంపాలి. ఇలా ఎండను ఆవరణలోంచి వరండాకు, వరండాలోంచి లోపలి గదికి తీసుకెళ్ళవచ్చు. గదిలో డస్టరు దులిపితే వెలుగు వచ్చే దారి కంటికి కనిపిస్తుంది. తండా బడిలో పనిచేసేవాళ్ళు అద్దాలు కొనక్కర్లేదు కూడా. లంబాడీ ఆడవాళ్ళ దుస్తులకు కుట్టిన అద్దాల పాత ముక్క ఏదో ఒక ఇంట్లో ఉంటుంది. ఎండలో పట్టుకుంటే గోడ నిండా చుక్కలే.

ఇంత చేశాక కూడా లోపల ఒక చిక్కు మిగిలి ఉంటుంది. బొమ్మ గీయిస్తే తప్ప అది బయటపడదు. బోర్డు మీద సూర్యుణ్ణీ, చెట్టునూ, ఒక పాపనూ వేసి, "పాపకు చెట్టు ఎలా కనిపిస్తోందో బాణాలు వేయండి" అనండి. కొందరు సూర్యుడి చుట్టూ గీతలు గీసి ఊరుకుంటారు. కొందరు సూర్యుడి నుంచి చెట్టుకు ఒక బాణం, పాప కంటి నుంచి చెట్టుకు ఇంకో బాణం వేస్తారు. చెట్టు నుంచి కంటికి బాణం వేసేవాళ్ళు తక్కువ. కంట్లోంచి ఏదో బయల్దేరి వస్తువును తాకుతుందన్న ఊహను చూసి నవ్వకండి. యూక్లిడ్, టాలెమీ అంతటివాళ్ళు అలాగే అనుకుని లెక్కలు కట్టారు. వెలుగే కంట్లోకి వస్తుందని గట్టిగా వాదించి నిలబెట్టింది ఇబ్న్ అల్ హైతమ్, పదకొండో శతాబ్దం మొదటి భాగంలో. సూర్యుడి లాంటి తీవ్రమైన వెలుగును చూస్తే కన్ను నొప్పిపుడుతుంది కదా అన్నది ఆయన చూపిన కారణాల్లో ఒకటి. ఐదో తరగతి పిల్లలకు కూడా అర్థమయ్యే కారణం అది.

మన పిల్లలైతే దిష్టి తీసే ఇళ్ళ నుంచి వస్తారు. చూపు వెళ్ళి తగులుతుందంటే వాళ్ళకు వింతేమీ లేదు. ఆ నమ్మకం జోలికి పోయి వాళ్ళ నాయనమ్మతో తగాదా తెచ్చుకోకండి. చీకటి పెట్టె మళ్ళీ బయటికి తీయండి. "నీ కన్ను రంధ్రం దగ్గరే ఉంది కదా నాన్నా, చూపు లోపలికి వెళ్ళే ఉంటుంది. మరి చెంచా ఎందుకు కనబడలేదు?" అని అడిగి ఊరుకోండి. జవాబు ఆ రోజే రాకపోయినా పర్వాలేదు.

పిల్లి కళ్ళ ప్రశ్న మాత్రం తప్పించుకోలేరు. రాత్రి బస్సులో వెళ్తూ రోడ్డు పక్క గేదెల కళ్ళు మెరవడం చూడని పిల్లలు మన దగ్గర ఉండరు. దీనికి లారీల వెనకా, ట్రాక్టరు ట్రాలీలకూ అంటించే "రేడియం" స్టిక్కరు ముక్క ఒకటి సంపాదించండి. అందులో రేడియం ఏమీ ఉండదు. సన్నటి గాజుపూసలో, అతి చిన్న పలకలుగా ఒత్తిన ప్లాస్టిక్కో ఉంటుంది. వెలుగు ఏ దిక్కు నుంచి వస్తే దాదాపు ఆ దిక్కుకే తిప్పి పంపడం దాని గుణం. గదిలో మసకగా ఉన్న మూల గోడకు ముక్కను అంటించి, ఎదుటి గోడ దగ్గర ఒక పిల్లను నిలబెట్టండి. టార్చిని కణతకు ఆనించి పట్టుకుని స్టిక్కరు మీదికి వేయమనండి. భగ్గున మెరుస్తుంది. ఇప్పుడు అదే టార్చిని స్నేహితురాలి చేతికిచ్చి, ఆమెను నాలుగు అడుగులు పక్కకు జరిగి వేయమనండి. వెలుగు స్టిక్కరు మీదే ఉంది, కానీ మొదటి పిల్లకు మెరుపు పోయింది. టార్చి పట్టుకున్న పిల్లకు మాత్రం మెరుస్తోంది. "నాకు కనిపిస్తోందే!" "నాకు లేదే!" అని ఇద్దరూ వాదులాడుకుంటారు. కాసేపు ఆడుకోనివ్వండి. పిల్లి, గేదె, కుక్క కళ్ళ వెనక ఉండే మెరుపు పొర చేసే పని కూడా ఇంచుమించు ఇదే, అందుకే బస్సు లైట్ల వెనక కూర్చున్న మనకు అవి మెరుస్తూ కనిపిస్తాయి. లైటు ఆర్పితే మెరుపూ ఆరిపోతుంది. హైవే మీద గీతల వెంట బిగించిన మెరుపు దిమ్మెల వెనకా ఇదే కిటుకు. ఇంగ్లండులో పెర్సీ షా 1934లో పేటెంటు తీసుకున్నప్పుడు వాటికి పెట్టిన పేరు కూడా పిల్లి కన్నే. పాఠం అయ్యాక మిగిలిన స్టిక్కరు ముక్కలు కత్తిరించి బడిసంచుల వెనక అంటించి పంపండి. సాయంత్రం చీకటి పడ్డాక ట్యూషన్ నుంచి రోడ్డు పక్కన నడిచి వెళ్ళే పిల్లలకు అవసరం.

ఇప్పుడు చందమామ దగ్గరికి వద్దాం. చంద్రుడు అద్దం లాంటివాడని మాత్రం చెప్పకండి. వీడియోల్లో ఎక్కువగా వినిపించేది ఈ మాటే, పిల్లల్ని తికమక పెట్టేదీ ఇదే. నున్నటి అద్దపు గోళమే అయితే మనకు అందులో సూర్యుడి ప్రతిబింబం చిన్న చుక్కగా కనిపించాలి. పళ్ళెమంత వెలుగు ఉండకూడదు. చంద్రుడి నేల దుమ్మూ రాయీ. మీద పడ్డ ఎండలో నూటికి పన్నెండు పాళ్ళు మాత్రమే తిప్పి పంపుతుంది. మన ఊరి ముందు అరిగిపోయిన తారురోడ్డు కూడా ఇంచుమించు అంతే పంపుతుంది. అంత మసకబారిన నేల అంత తెల్లగా కనిపించడానికి కారణం, దాని మీద పడేది పట్టపగటి ఎండ, చుట్టూ ఉన్నది నల్లటి ఆకాశం.

ఇది మాటలతో ఒప్పించలేరు. ఆవరణలోంచి ఒక బూడిదరంగు కంకరరాయి ఏరి తెప్పించండి. వెలుతురులో అందరి చేతుల్లోకీ పంపండి. దాన్ని తెల్లరాయి అని ఎవరూ అనరు. ఇప్పుడు దారం కట్టి చీకటి పెట్టెలో వేలాడదీసి, కిటికీని రాయంత వెడల్పు వరకే తెరిచి, టార్చి రాయి మీద మాత్రమే పడేలా వేయండి. వెనకంతా నల్ల చార్టే. రంధ్రంలోంచి చూసినవాళ్ళు "తెల్లగా వెలుగుతోంది టీచర్" అంటారు. బయటికి తీసి చూపిస్తే అదే బూడిదరంగు రాయి. దీన్ని రెండు మూడుసార్లు అటూ ఇటూ చేయనివ్వండి. గోడ, చార్టు, పళ్ళెం పాఠాలు దాటి వచ్చిన పిల్లలకు ఇక్కడ చందమామ పేరు మీరు ఎత్తనక్కర్లేకుండానే ఎవరో ఒకరు ఎత్తుతారు.

ఈ ఊహ మనకు కొత్త కాదు. గ్రహాల్లో సూర్యుడి వైపున్న సగం వెలుగుతుందనీ, రెండో సగం తన నీడలోనే చీకటిగా ఉంటుందనీ 499 నాటి ఆర్యభటీయంలోనే ఉంది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో, అద్దం మీద పడ్డ ఎండ ఇంటిలోపలి చీకటిని పోగొట్టినట్టే చంద్రుడి మీద పడ్డ ఎండ రాత్రి చీకటిని పోగొడుతుందన్నాడు. అంటే మన పిల్లలు వరండాలోంచి గదిలోకి ఎండను పంపిన ఆటే. ఆయన తెచ్చింది అద్దం పోలికే అయినా, చెప్పదలచింది వెలుగు నడిచిన దారి గురించి కాబట్టి అక్కడికది సరిపోయింది. చంద్రుడు నీటిమయం అని కూడా అన్నాడు. అది మాత్రం తర్వాత నిలబడలేదు. ఈ రెండూ పిల్లలకు చెప్పండి, పెద్దవాళ్ళ మాటలో ఏది తీసుకోవాలో ఏది వదిలేయాలో వాళ్ళకూ తెలియాలి.

పిల్లల కాలపు సాక్ష్యం కావాలంటే చంద్రయాన్-3 ఉంది. శ్రీహరికోట నుంచి 2023 జూలై 14న బయల్దేరి, ఆగస్టు 23న విక్రమ్ ల్యాండరు చంద్రుడి మీద దిగింది. అక్కడ తెల్లవారాకే దిగేలా చూసుకున్నారు. విక్రమ్‌కైనా ప్రజ్ఞాన్ రోవరుకైనా ఎండే ఆధారం మరి. చంద్రుడి మీద ఒక పగలు మన లెక్కన సుమారు పద్నాలుగు రోజులు. ఆ పగలు ముగియవస్తుండగా సెప్టెంబరు మొదటి వారంలో రెండింటినీ నిద్రపుచ్చారు, మళ్ళీ లేవలేదు. "చందమామకు సొంత వెలుగే ఉంటే విక్రమ్‌కు కరెంటు ఎందుకు అయిపోయింది?" అని అడగండి. మా లాంటివాళ్ళం ఎంత వివరించినా రాని నిశ్శబ్దం ఈ ప్రశ్నకు వస్తుంది.

అసలు చంద్రుణ్ణి చూపించడానికి రాత్రిదాకా ఆగక్కర్లేదు. గోడ క్యాలెండరులో తిథి చూసుకోండి. శుద్ధ సప్తమి నుంచి దశమి దాకా సాయంత్రం బడి వదిలే వేళకు తూర్పు ఆకాశంలో ఉంటాడు. బహుళ పంచమి నుంచి అష్టమి దాకా పొద్దున ప్రార్థన వేళకు పడమట ఉంటాడు. పగటిపూట చంద్రుడు ఉంటాడని తెలియని పిల్లలు చాలామంది. బంకమట్టి ఉండను పుల్లకు గుచ్చి, ఎండలో నిలబడి, చెయ్యి చాచి, చంద్రుడి పక్కన ఉన్నట్టుగా పట్టుకోమనండి. ఉండ మీద ఎండ పడ్డ భాగం ఏ ఆకారంలో ఉందో చంద్రుడూ అదే ఆకారంలో కనిపిస్తాడు. రెండింటికీ వెలిగిన వైపు సూర్యుడి వైపే. సూర్యుడు ఆ వేళకు పిల్లల వెనకో పక్కనో ఉంటాడు కాబట్టి కళ్ళకు భయం లేదు, అయినా ఒక కన్నేసి ఉంచండి. మబ్బు పట్టిందా, వచ్చే నెల చూద్దురు గాని. అమావాస్య పున్నములు ఎందుకొస్తాయన్న పాఠాన్ని మాత్రం ఇదే వారంలో కలపకండి, రెండూ చెడతాయి.

చురుకైన పిల్లలుంటే పంచతంత్రంలో కుందేలు ఏనుగుల రాజుకు కొలనులో చంద్రుణ్ణి చూపించి భయపెట్టిన కథ చెప్పి, ఏనుగు కంటిదాకా బాణాలు వేయమనండి. సూర్యుడి నుంచి చంద్రుడికి సుమారు ఎనిమిది నిమిషాలు, చంద్రుడి నుంచి కొలనుకు సెకను పైచిలుకు, కొలను నుంచి కంటికి రెప్పపాటు కూడా పట్టదు. ఇంకా ఆకలి తీరనివాళ్ళకు విదియ, తదియ రోజుల్లో నెలవంకలోని చీకటి భాగం కూడా మసగ్గా కనిపిస్తుందే, ఆ వెలుగు ఎక్కడిదో కనుక్కురమ్మనండి. భూమి మీద పడ్డ ఎండే అక్కడిదాకా వెళ్ళి తిరిగి వస్తోందని ఎవరైనా అంటే ఆ రోజు మీ ఉద్యోగం సార్థకం అనుకోవచ్చు.

ఏకోపాధ్యాయ బడిలో ఐదు తరగతులూ ఒకే గదిలో ఉంటే ఇదే సరంజామా అందరికీ సరిపోతుంది. ఒకటి, రెండు తరగతుల వాళ్ళు పెట్టెలో ఏది కనిపించింది, ఏది కనిపించలేదు అన్నది చెబితే చాలు. మూడు, నాలుగు వాళ్ళకు చార్టూ పళ్ళేలూ. రాయి, బాణాల బొమ్మ ఐదో తరగతికి. అంగన్‌వాడీ పిల్లలకు గోడ మీద మచ్చను పట్టుకునే ఆట, నీడల ఆట పెట్టండి, వివరణలు వద్దు. మొత్తానికి ఆరు పీరియడ్లు, మీ చేతి ఖర్చు వంద రూపాయల లోపు.

బాణాల బొమ్మను పాఠానికి ముందు ఒకసారి, అయ్యాక రెండు వారాలు ఆగి ఇంకోసారి గీయించి, రెండు కాగితాలూ పిల్లల ఫైల్లో పెట్టండి. ఎంఈఓ గారు వచ్చినా, కాంప్లెక్స్ మీటింగులో చూపించమన్నా ఆ జంట కాగితాలకు మించిన రికార్డు అక్కర్లేదు. పెట్టెను టీఎల్ఎం బీరువాలో అడుగున పడేయకండి, బరువుకు నలిగిపోతుంది. వానల్లో అట్ట మెత్తబడి మూలలు తెరుచుకుంటాయి కాబట్టి, తర్వాతి ఏడాది వాడబోయే ముందు టేపు మార్చి, మళ్ళీ ఒకసారి ఎండలో కన్ను పెట్టి చూసుకోండి.